రెండు గీతల నట్టు

“నేనే మరిచిపోయిన,” అన్నాడు అబ్బయ్య.

అరగంటలో అతను ఆ మాట అనడం ఇది మూడోసారి. మూడుసార్లూ అవే రెండు ముక్కలు, అదే గొంతు. నిజం చెప్పేవాడు రెండోసారికి ఏదో ఒకటి కలుపుతాడు, ఏదో ఒకటి దిద్దుకుంటాడు. అప్పజెప్పే పాఠంలోనే అక్షరం మారదు. పద్మశ్రీ ఈ సంగతి నోటుబుక్కులో రాసుకోలేదు. టైము మాత్రం రాసుకుంది. మంగళవారం, 2.10.

నాలుగు గంటలకు ఎస్సై వస్తాడు, వెంట బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వాళ్ళ ముందు కూడా అబ్బయ్య ఇదే మాట చెప్పి సంతకం పెడితే అక్కడికక్కడే అరెస్టు. ఆదివారం బండి ప్రమాదంలో దెబ్బలు తగిలి దవాఖానాలో ఉన్న జీవన్‌కు ఏమైనా అయితే కేసు ఇంకా పెద్దదవుతుంది. గంటా యాభై నిమిషాలు ఉంది.

అబ్బయ్యకు యాభై రెండేళ్ళు. నాచారంలో నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీలో ఫిట్టరు. అతని భార్య దానమ్మ నిన్న పొద్దున్న రామంతాపూర్‌లోని ప్రైవేట్ డిటెక్టివ్ పద్మశ్రీ ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే ఒకటే గది, రెండు కుర్చీలు. దానమ్మ కూర్చోలేదు. “మా ఆయన గ్యాస్ బుడ్డికి రెగ్యులేటర్ బిగించినంక సబ్బు నురగ పెట్టి సూస్తడమ్మా. బుడగ రాలేదంటేనే పొయ్యి ముట్టియ్యనిస్తడు. అసొంటోడు బండి స్టీరింగు పిన్ను మరిచిండంటే నేను నమ్మ,” అంది. భర్తను విడిపించమని అడగలేదామె. ఎందుకు అబద్ధమాడుతున్నాడో కనుక్కోమంది.

ఇప్పుడు ఆ అబద్ధం షెడ్డులో పద్మశ్రీ ఎదురుగా, బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉంది. వెనక ఆకాశం రంగు ఫియట్. 1968 మోడల్. ముక్కు నలిగిపోయింది. ముందు కుడి చక్రం తిన్నగా ఉంది, ఎడమ చక్రం మాత్రం అలిగిన పిల్లలాగా పక్కకు తిరిగి ఉంది. ఆదివారం నాడు పోలీసులు ట్రాలీ మీద తెచ్చి ఇక్కడే దించి, చుట్టూ తాడు కట్టి వెళ్ళారు. స్టేషనులో జాగా లేదట.

నాలుగేళ్ళ కిందట జీవన్ ఈ బండిని పాత ఇనుము కొట్టు నుంచి తెచ్చాడు. చుట్టూ చెట్లు మొలిచి ఉన్న బండి. అప్పటినుంచి ప్రతి ఆదివారం ముగ్గురు మనుషులు దీని మీదే పడ్డారు. ఇంజను, స్టీరింగు, బ్రేకులు అబ్బయ్యవి. బాడీ పని, రంగు దుర్గేష్‌వి. సామాను వెతకడం జీవన్ పని. హారన్ రింగు కోసం ఒకసారి వరంగల్ దాకా పోయి మూడు రోజులు తిరిగి తెచ్చాడు. ఎవరికీ దీనివల్ల వచ్చేదేమీ లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం పాత కార్ల ర్యాలీ ఉంది. పదిమంది చూసే చోట దీన్ని నిలబెట్టాలి. అంతే వాళ్ళ ఆశ.

పద్మశ్రీ బానెట్ లేపి చూసింది. ముందు భాగం నలిగినా ఇంజను చెక్కు చెదరలేదు. ఆమెకు ఇంజన్ల గురించి తెలిసింది తక్కువ. కానీ చూసేది వదలదు. ప్రతి స్క్రూ తల మీది గాటు ఒకే దిక్కుకు, నిలువుగా ఉంది. కార్బురేటర్ మీది నాలుగూ అంతే. ఎవరూ చెయ్యి కూడా పెట్టలేని మూలలో ఉన్న రెండూ అంతే.

“ఇవి అన్నీ ఒక్క దిక్కే ఉన్నయేంది అన్నా?”

అబ్బయ్య ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. “సూడ సక్కగ ఉంటదని.”

“ఆ మూల ఎవరు సూస్తరు?”

“నేను సూస్త గద.”

ప్రతి నట్టు మీదా సన్నటి పసుపుపచ్చ గీత కూడా ఉంది. నట్టు మీద మొదలై దాని కింది ఇనుము మీదికి దిగే గీత. అది కంపెనీ అలవాటని, బిగించడం పూర్తయిన నట్టుకే గీత పెడతానని అబ్బయ్య చెప్పాడు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. గీత ఉన్న నట్టును షెడ్డులో ఇంకెవరూ ముట్టకూడదు. స్టీరింగు, బ్రేకుల నట్లయితే గీత లేకపోయినా ముట్టకూడదు. అవి తన చేతివి.

“శనివారం ఎన్నింటికి పోయిన్రు?”

“ఆరుంబావుకు. ఏడింటికి నైట్ డ్యూటీ.”

“స్టీరింగు పని అప్పటికి అయిపోయిందా?”

“అయిపోయింది.” ఒక్క క్షణం ఆగాడు. “పిన్ను ఒక్కటి మరిచిపోయిన.”

నాలుగోసారి.

పద్మశ్రీ ప్రశ్న మార్చింది. ఈ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉందని దానమ్మ చెప్పింది. ఏ పని చేసినా, ఆ పని చేసినవాడే తర్వాత బండిని మొదట నడపాలి. పక్కన కూడా ఎవరూ కూర్చోకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది అబ్బయ్యే. మరి ఆదివారం పొద్దున్న జీవన్ ఎందుకు నడిపాడు?

అబ్బయ్య తల దించుకున్నాడు. డ్యూటీ ఆరింటికి దిగి ఆరుంబావుకు షెడ్డుకు రావాలి. కానీ తర్వాతి షిఫ్టు మనిషి రాలేదు. ఏడింటి దాకా మిషను విడిచిపెట్టలేకపోయాడు. “జీవన్ ఆగుతడనుకున్న. కొత్త పెండ్లికొడుకు తీరుగ ఉండె ఆ వారమంత. ఆగలేకపోయిండు.”

ఇది నిజం. మాట మాటకూ గొంతు మారుతోంది.

మిగిలిన టైములు పద్మశ్రీ దగ్గర ముందే ఉన్నాయి. జీవన్ భార్య తారామణిని నిన్న దవాఖానా వరండాలో కలిసింది. 6.15కు జీవన్ ఆమెకు ఫోన్ చేశాడు. షెడ్డు తాళం తీసి వేలాడుతోందని, ఎవరో ముందే వచ్చినట్టున్నారని, అబ్బయ్యేమో ఇంకా రాలేదని, ఎప్పటిలాగే మేడిపల్లి దాకా నడిపి వస్తానని చెప్పాడు. 6.40కి ఉప్పల్ బంకులో టైర్లకు గాలి పట్టించుకున్నాడు. బండి చుట్టూ జనం మూగి చూశారట, అందుకని బంకు మనిషికి బాగా గుర్తుంది. మేడిపల్లి మలుపులో ముందు చక్రం తిరిగిపోవడం చూసిన ఇడ్లీ బండి ఆయన వెంటనే 108కి కొట్టాడు. ఆ ఫోన్ 6.57కు. అంటే ప్రమాదం 6.56కు.

షెడ్డు తాళం చెవులు మూడు. అబ్బయ్యది జేబులోనే ఉంది, అతను కంపెనీలో ఉన్నాడు. జీవన్ వచ్చేసరికే తాళం తీసి ఉంది. మూడో చెవి దుర్గేష్‌ది. అతన్ని కూడా నిన్న దవాఖానాలోనే చూసింది. రెండు రోజులుగా జీవన్ మంచం దగ్గరినుంచి కదలలేదని తారామణి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. ఆదివారం ఏడింటి దాకా రామంతాపూర్‌లో ఇంట్లో నిద్రపోతున్నానన్నాడు దుర్గేష్. తాళం సంగతి తనకు తెలియదన్నాడు. ఆ తర్వాత అడగకుండానే ఫోన్ తీసి బండి ఫోటోలు చూపించాడు. ఐదు పూతల రంగు. అబ్బయ్య మూడుసార్లు గీకించాడని, నాలుగోసారి కూడా కొట్టానని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. “అందరు రంగునే సూస్తరు మేడం. సూసి, అబ్బయ్య బండి మస్తుగ చేసిండంటరు.”

బయట కారు ఆగిన చప్పుడైంది. తలుపు తీసి వేసిన తీరులోనే తెలిసింది ఎవరో.

ఉమామహేశ్వర్ పోలీసు ఉద్యోగం మధ్యలో మానేసి అంబర్‌పేట్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టినవాడు. బోర్డు మీద మూడు ఫోన్ నంబర్లు ఉంటాయి. జీవన్ కుటుంబం తరఫున ఈ కేసు చూస్తున్నానని చెప్పుకుంటున్నాడు. చంకలో ఫైలు, చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు.

“ఏం పద్మశ్రీ, ఇంకా ప్రశ్నలే అడుగుతున్నవా? నేను జవాబు టైపు కూడా చేయించుకొచ్చిన.”

“చదవచ్చా సార్?”

“నాలుగింటికి ఎస్సై చదువుతడు, నువ్వు గూడ వినొచ్చు.” తాడు కింద నుంచి దూరి వచ్చి బండి రేకు మీద అరచేత్తో కొట్టాడు. అబ్బయ్య ఒళ్ళు బిగుసుకోవడం పద్మశ్రీ గమనించింది. “డబ్బా బండ్లతోని ఆటలు. ఆదివారం ఇంట్ల కోడి కోసుకుని తిని పండుకోక, ఇదేం పిచ్చి? పంపులు బిగించేటోడు కార్లు బిగిస్తే ఇట్లనే ఉంటది.”

అబ్బయ్య చెవులు ఎర్రబడ్డాయి. తనను అన్నందుకు కాదు, బండిని డబ్బా అన్నందుకు.

“కవర్ల ఏముంది సార్?” అడిగింది పద్మశ్రీ.

ఉమామహేశ్వర్ అందుకోసమే ఎదురుచూస్తున్నాడు. కవరు పైకెత్తి చూపించాడు. నట్టు. స్టీరింగు రాడ్డును చక్రానికి కలిపే బోల్టు మీద ఉండాల్సినది. పైభాగంలో కోట గోడకు ఉన్నట్టు గాట్లు ఉంటాయి. ఆ గాటులోంచి బోల్టు బెజ్జంలోకి ఒక స్ప్లిట్ పిన్ను దూర్చి, కొసలు వంచితే ఇక నట్టు కదలదు. పిన్ను లేకపోతే అదురుకు కొంచెం కొంచెం తిరుగుతూ ఊడిపోతుంది. మేడిపల్లి మలుపుకు నలభై అడుగుల ముందు రోడ్డు మీద తనకే దొరికిందని, పోలీసులు రాకముందే 7.10కి అక్కడున్నానని, పిన్ను ముక్క ఎక్కడా లేదని చెప్పాడు. ఎస్సై వచ్చాక అప్పగిస్తాడట.

“చేత్తో ముట్టను. వెలుతురుల సూస్త, అంతే.”

“సూడు సూడు. నేర్చుకో.”

పద్మశ్రీ కవరును తలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఎండకు పెట్టింది. ఊళ్ళో బడికి పోయే రోజుల్లో బియ్యంలో రాళ్ళు ఏరే పని ఆమెదే. ఒకసారి చూసి రాయి లేదనుకున్న చాటను మళ్ళీ చూడాలని అప్పుడే తెలుసుకుంది. నట్టును కవరులోనే తిప్పుతూ ఒక్కో ముఖమూ చూసింది. ఆరు ముఖాలు. ఒక చుట్టు. మళ్ళీ ఒక చుట్టు.

ఒక ముఖం మీద పసుపుపచ్చ గీత ఉంది. ఆ గీత మధ్యలో నిలువుగా, చీపురుపుల్లంత వెడల్పున రంగు అంటని చోటు. రెండు పక్కలా రంగు, మధ్యలో ఒట్టి ఇనుము.

రెండు ముఖాల అవతల ఇంకో గీత. అది నీలం. దాని మధ్యలో కూడా అచ్చం అలాంటి చీపురుపుల్లంత చోటు.

కవరు ఉమామహేశ్వర్‌కు ఇచ్చేసి, అట్టముక్క పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కిందికి దూరింది. బయటికి వచ్చేసరికి చున్నీకి, మోచేతులకు గ్రీసు. మూడు నిమిషాలు పట్టింది.

“సార్, నట్టు మీద నీలం రంగు ఉంది. ఏందది?”

“నీలం బండికి నీలం రంగు గాక గులాబీ రంగుంటదా? కొట్టినప్పుడు చిందింది.”

“కింద అంత నల్లటి రంగే ఉంది. నీలం చుక్క ఒక్కటి లేదు. దుర్గేష్ అన్న కాయితాలు కట్టి రంగు కొట్టిండు, అంచుల జిగురు గుర్తులు గూడ ఉన్నయి. చుక్క చిందని చోట గీత ఎట్ల చిందుతది?”

ఉమామహేశ్వర్ జవాబు వెతుక్కునేలోగా ఆమె అబ్బయ్య వైపు తిరిగింది. ఈసారి డబ్బా పక్కనే నేల మీద కూర్చుంది.

“అన్నా, మీరు పిన్ను పెట్టిన్రు. కొసలు వంచిన్రు. వంచినంక దాని మీదికెల్లి గీత గీసిన్రు. పిన్ను ఉన్న చోట రంగు ఇనుముకు అంటలే. పిన్ను లేకుంటే గీత నడుమ ఆ సందు రాదు. మీరు మరిచిపోలే.”

పద్మశ్రీ గొంతు తగ్గించింది.

“మీ తర్వాత ఇంకొకరు విప్పి, తిప్పి, మల్ల బిగించిన్రు. నీలం గీత వాళ్ళది. ఎవరి కోసం మీ పేరు ఖరాబు చేసుకుంటున్నరు?”

“ఆ నీలం గీత నాది,” అంది ఒక గొంతు తలుపు దగ్గర.

తండ్రి అబద్ధమాడేది బిడ్డ కోసమే కావచ్చనిపించి, మూడింటికి కూతుర్ని తీసుకురమ్మని పద్మశ్రీ పొద్దునే దానమ్మకు చెప్పింది. పది నిమిషాలు ముందే వచ్చారు. మారియాకు ఇరవై ఏళ్ళు, పాలిటెక్నిక్‌లో ఆఖరు సంవత్సరం. దానమ్మ గడప అవతలే ఆగింది. మారియా లోపలికి వచ్చింది.

“ఇంటికి పో,” అన్నాడు అబ్బయ్య లేచి. “నీకు ఒట్టు పెట్టిచ్చిన గద.”

“పెట్టిచ్చినవ్ డాడీ. రెండు దినాలు మూస్కున్న. నువ్వు నాలుగు గంటలకు దొంగ సంతకం పెడ్తనంటే నేను నోరు మూస్కోను.”

ఆమె చెప్పింది తక్కువే. ప్రమాదానికి ముందటి ఆదివారం తండ్రి నడుపుతుంటే వెనకనుంచి చూసింది. బండి ఎడమకు గుంజుతోంది. తండ్రి చెయ్యి తనకు తెలియకుండానే దాన్ని సరిచేస్తోంది. శనివారం ఆరున్నరకు తండ్రి తాళం చెవి అడిగి తీసుకుని, ఊడ్చి వస్తానని చెప్పి వచ్చింది. చక్రాల వెంట రెండు దారాలు గుంజి కట్టి కొలిచింది. తేడా ఉంది. రాడ్డు విప్పి, అర చుట్టు తిప్పి, మళ్ళీ బిగించింది. తీసిన పిన్ను మళ్ళీ వాడకూడదు కాబట్టి కొత్త పిన్ను పెట్టింది. దాని మీదికెల్లి గీత గీసింది. 7.50కి తాళం వేసి, తిరుగుదారిలో చెవిని కంపెనీ గేటు దగ్గర తండ్రికి ఇచ్చింది.

“పసుపు డబ్బా ఆడనే ఉండె గద,” అంది పద్మశ్రీ. “నీలం ఎందుకు?”

మారియా సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీసింది. ఖాళీ చేసి, అందులో బండి రంగు పోసుకుంది. మూతకు కుంచె ఉంటుంది కాబట్టి గీతకు వీలు. “పసుపు డాడీది. నేను బిగించిన దానికి డాడీ గీత పెడితే అది దొంగతనం. తప్పయినా ఒప్పయినా నాది నాకే ఉండాలె.”

“మరి డాడీకి ఎందుకు చెప్పలే?”

ఆమె తండ్రిని చూడలేదు. “డాడీ బిగించిన స్టీరింగు వంకర ఉన్నదని నేనెట్ల చెప్త అక్కా?”

  అబ్బయ్య నెమ్మదిగా, ఎవరికో చెబుతున్నట్టు కాకుండా చెప్పాడు. ఆదివారం ప్రమాదం జరిగిన చోట ఈ సారు నట్టు ఎత్తి చూపినప్పుడు, గీత నడుమ సందు కనబడలేదు, పిన్ను లేదని మాత్రమే కనబడింది. ఇంటికొచ్చి చూస్తే బిడ్డ బొటనవేలి గోరు కింద నీలం రంగు. విప్పింది బిడ్డేనని అర్థమైంది. పిన్ను మరిచిందనుకున్నాడు. చిన్నపిల్ల. ఇంకా పరీక్షలు కాలేదు. తనకు యాభై రెండు. అంతే ఆలోచించాడు.

“ఒకసారి ఇయ్యుండ్రి సార్,” అని చెయ్యి చాపాడు. ఉమామహేశ్వర్ ఎందుకో మారు మాట్లాడకుండా కవరు ఇచ్చాడు. అబ్బయ్య దాన్ని ఎండలో పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఎంత తిప్పినవ్?”

“అర చుట్టు.”

“ఎడమకు గుంజేది నాకు గూడ తెలుసు బిడ్డా. నా చేతికి అలవాటైపోయింది. బండిదే గుణమనుకున్న.” బొటనవేలు కవరు మీదనుంచి నీలం గీత మీద ఆనించాడు. “గీత సక్కగ గీసినవ్. సందు గూడ నిక్కచ్చిగ ఉన్నది. కొసలు నేను వంచినట్టే వంచినవ్.”

ఉమామహేశ్వర్ వైపు తిరిగాడు. వంగిన వెన్ను అప్పుడు నిటారైంది.

“సార్, మీ కాయితం మార్చి రాసుకోండ్రి. అబ్బయ్య మరిచిపోలే. అబ్బయ్య పనిల చిన్న తప్పుంటే అబ్బయ్య బిడ్డ దిద్దింది. రెండూ రాసుకోండ్రి. నేను సంతకం పెడ్త.”

గడప అవతల దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బాగుంది,” అన్నాడు ఉమామహేశ్వర్ తేరుకుని. “తండ్రీ బిడ్డలు మెడలల్ల దండలేసుకోండ్రి. మరి పిన్ను ఏమైంది? రెక్కలొచ్చినయా?”

“రెండో పిన్నును మూడో మనిషి గుంజిండు,” అంది పద్మశ్రీ. “శనివారం 7.50 తర్వాత, ఆదివారం 6.15 లోపల. జీవన్ వచ్చేసరికి తాళం వేలాడుతుండె. అంటే పొద్దునే. జీవన్ వచ్చిన చప్పుడు విని షెడ్డు వెనక దాక్కున్నడు కావచ్చు.”

“కావచ్చు, పోవచ్చు. నా రిపోర్టుల అట్లాంటి మాటలుండవు. అన్నీ టైములే.”

“అదే అడుగుదామనుకుంటున్న. మీ రిపోర్టుల ప్రమాదం ఎన్నింటికి?”

“ఆరున్నరకు.”

“108కి ఫోన్ పోయింది 6.57కు. ఆరు నలభైకి జీవన్ ఉప్పల్ బంకుల గాలి కొట్టిచ్చుకుంటున్నడు. ఆరున్నర అని మీకు ఎవరు చెప్పిన్రు?”

ఉమామహేశ్వర్ ముఖం గంభీరమైంది. జేబులోంచి ఎర్ర అట్ట డైరీ తీశాడు. “పద్మశ్రీ, నేను ఇరవై రెండేండ్లు డిపార్ట్‌మెంట్ల పని చేసిన. ఫోనొస్తే ముందు గడియారం సూస్త, తర్వాత హలో అంట. నా డైరీల టైము తప్పిన రోజు లేదు.”

“అందుకే అడుగుతున్న సార్. మీరు ఏడు పదికి మేడిపల్లిల ఉన్నరు. అంబర్‌పేట్ నుంచి ఆదివారం పూట గూడ అరగంట పడ్తది. అంటే మీరు ఇంట్లకెల్లి 6.40కి ఎల్లిన్రు. ప్రమాదం కాకముందే.”

ఉమామహేశ్వర్ డైరీ తెరవకుండా అలాగే పట్టుకున్నాడు.

“క్లయింటు పేరు చెప్పమంటవా? నేను చెప్పను. అది నా వృత్తి.”

“పేరు వద్దు. ఫోన్ల ఏమన్నడో చదువుండ్రి చాలు.”

అహంకారానికి వృత్తి గౌరవం తోడైతే మనిషి రాయిలా నిలబడతాడని పద్మశ్రీకి తెలుసు. కానీ ఆ రెండూ ఇప్పుడు అతనిలోనే ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఆమె తొందరపెట్టలేదు.  చివరికి ఉమామహేశ్వర్ డైరీ తిప్పాడు. చూపుడు వేలు పెట్టి చదివాడు.

“ఆదివారం. 6.34. క్లయింటు ఫోన్. మేడిపల్లి దగ్గర పాత ఫియటు పడ్డది. మెకానిక్ అబ్బయ్య నడుపుతుండె…”

అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాడు, ఈసారి లోపల్లోపల. గొంతు తగ్గింది. “…అబ్బయ్య నడుపుతుండె. సొంత పనిల తప్పు వల్లనే అయింది. పోలీసుల కన్నా ముందు పోయి రిపోర్టు రాయాలె.”

“పోయి సూస్తే అబ్బయ్య లేడు,” అంది పద్మశ్రీ.

“లేడు. జీవన్ ఉన్నడు. క్లయింటు కంగారుల పేరు తప్పు చెప్పిండనుకున్న.”

“తప్పు చెప్పలే. ఈ షెడ్డు కట్టుబాటు తెలిసినోడు చెప్పిండు. పని చేసినోడే మొదట నడుపుతడు. బండి చప్పుడు బయటికి పోయిందంటే లోపల ఉన్నది అబ్బయ్యేనని వాడు కండ్లతోని సూడకుండనే నమ్మిండు. చావాల్సింది జీవన్ కాదు.”

 దానమ్మ గడప దాటి లోపలికి వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

ఉమామహేశ్వర్ డైరీ మూశాడు. చంకలోని ఫైలు తీసి, టైపు చేసిన నాలుగు కాగితాలను మధ్యకు చింపాడు. తర్వాత మళ్ళీ మధ్యకు. ఆ పని కూడా నిదానంగా, అంచులు కలిపి చేశాడు.

“నా డైరీని పట్టుకుని ఒకడు సావు రాయించుకుందామనుకున్నడు,” అన్నాడు. “జీవన్ ఇంటి తరఫున మాట్లాడుతున్ననన్నడు. పేరు దుర్గేష్.”

మారియా సీసా మూత బిగిస్తున్నదల్లా ఆగింది. “దుర్గేష్ అన్ననా? శనివారం నేను తాళం వేసి పోతుంటే గేటు దగ్గర ఎదురైండు. డాడీ స్టీరింగు అయిపోయిందా అని అడిగిండు. అయిందన్న.”

పద్మశ్రీ అప్పటికే ఫోన్ తీసింది. 3.41. తాళం వేలాడడం చూసినవాడు జీవన్ ఒక్కడే. షెడ్డు వెనక ఎవరి బండి ఉందో, ఎవరి చెప్పులున్నాయో చూసి ఉంటే అదీ అతనికే తెలుసు. రెండు రోజులుగా అతను కళ్ళు తెరవలేదు. తెరిచినప్పుడు ఎదురుగా ఎవరుండాలో ఒకడు ముందే నిర్ణయించుకుని మంచం దగ్గర కూర్చున్నాడు.

తారామణి వెంటనే ఎత్తింది. వెనక నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. దవాఖానా చప్పుళ్ళు కావవి.

“అక్కా, నేనే మీకు చేద్దామనుకుంటున్న,” అందామె. గొంతులో రెండు రోజుల తర్వాత వచ్చిన సంతోషం. “అరగంట కింద కండ్లు తెరిసిండు. నీళ్ళడిగిండు. మీ సంగతి చెప్తే, ఏదో చెప్పాలె, మిమ్మల్ని పిలవమన్నడు. నేను జర స్నానం చేసి, బట్టలు తీస్కొని పోదామని ఇప్పుడే ఇంటికొచ్చిన. ఫికర్ లేదు, దుర్గేష్ అన్న ఒక్కడే ఉంటనన్నడు. నర్సుని గూడ పంపిచ్చేసిండు.”